పాముకు లంఖణం

నా భార్య పోయిన తర్వాతి వేసవిలో, ఆమె పెంచిన పాము తిన్నది కక్కేసింది.

అది కార్న్ స్నేక్. విషం లేనిది, ఒంటినిండా నారింజరంగు మచ్చలు. నా భార్య అబుదాబిలో ఒక బడిలో జీవశాస్త్రం చెప్పేది. కరోనా ఏడాది ఉద్యోగం పోయి స్వదేశం వెళ్ళిపోతున్న తోటి టీచరు ఒకామె గాజుతొట్టితో సహా దాన్ని అప్పగించింది. నేను వద్దన్నాను.

"మీకంటే నయం. వారానికోసారే తిండి అడుగుతుంది," అంది నా భార్య. చర్చ అంతటితో ముగిసింది.

ముసఫ్ఫాలోని మా ఫ్లాటులో తొట్టి హాల్లో ఉండేది. జబ్బు ముదిరాక ఆమె ఒళ్ళంతా మంట అనేది. పడకగది ఏసీని పద్దెనిమిదిలో ఉంచి, నేను కంబళి కప్పుకుని పక్కన కూర్చునేవాణ్ణి. ఆ గదిలోనే పోయింది. మా వైపు మనిషి పోయిన చోట కర్మలు ముగిసేదాకా దీపం కొండెక్కకుండా చూస్తారు. నేనూ చూశాను. కర్మలయ్యాక దీపం తీసేశాను కాని ఏసీని ముట్టుకోలేదు. గది ఖాళీగా ఉండకూడదని తొట్టిని అక్కడికి మార్చి, నేను హాల్లో పడుకునేవాణ్ణి.

ఒక ఉదయం తొట్టిలో వాసన. సగం అరిగిన ఎలుక బయటపడి ఉంది. పాము నీళ్ళగిన్నె వెనక ముడుచుకుంది. శుభ్రం చేశాను. కడుపు ఖాళీ అయింది, నీరసపడుతుందనుకుని ఇంకో ఎలుకను పెట్టాను. మా ఇళ్ళలో వాంతి చేసుకున్న పిల్లకు కాస్త తేరుకోగానే పెరుగన్నం పెడతారు. నాకు తెలిసిన వైద్యం అదే. పాము తిన్నది. అదీ కక్కేసింది. ఈసారి చర్మం కింద వెన్నెముక తేలి కనిపించింది.

ఎదురు ఫ్లాటులో కాకినాడ వైపు నర్సు ఒకామె ఉండేది. నా భార్యకు చివర్లో ఇంజెక్షన్లు ఆమే చేసింది. పామంటే భయం. గుమ్మం దాటి రాలేదు.

"ఏమైందండీ అన్నయ్యగారూ, దానికి?"

"అరగడం లేదు. నువ్వేమైనా డ్రిప్ పెడతావేమోనని పిలిచాను."

"పెడతానండి. చెయ్యెక్కడుందో చూపించండి ముందు."

తర్వాత ఆమే అంది: "వదినగారుంటే ఈపాటికి ఆస్పత్రిలో ఉండేదండి అది. యల్లా, బండి తియ్యండి. డబ్బా వెనక సీట్లో, నేను ముందు సీట్లో."

పామును పాత దిండు గలీబులో వేసి, మూతి కట్టి, కన్నాలున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. జంతువుల డాక్టరు ఉత్తరాది ఆమె. దాని పొట్ట వేళ్ళతో తడిమింది, నోరు తెరిచి చూసింది. అది కక్కినదాన్ని పురుగులేమైనా ఉన్నాయేమోనని పరీక్షకు పంపింది.

"రూమ్ మేఁ ఏసీ కిత్నా రఖ్తే హైఁ?" గదిలో ఏసీ ఎంతలో ఉంచుతారని.

"అఠారా," అన్నాను. పద్దెనిమిది.

ఆమె రాయడం ఆపింది. పాము ఒంటికి సొంత వేడి ఉండదు, చుట్టూ వెచ్చగా ఉంటేనే తిన్నది అరుగుతుంది, తొట్టి కింది చిన్న హీటర్ అంత చలికి ఆగదు. అరగని ఎలుక లోపలే కుళ్ళుతుంది కాబట్టి కక్కేస్తుంది. రెండు వారాలు నీళ్ళు తప్ప ఏమీ పెట్టవద్దని, తర్వాత చిన్న ఎలుకపిల్లతో మొదలుపెట్టమని చెప్పింది. ఇంకోసారి కక్కితే బతకడం కష్టమంది.

తిరుగుదారిలో నర్సు అంది: "బయట తారు కరుగుతుంది. మీ పాముకేమో చలి! లంఖణం పరమౌషధం అని మా నాన్న అనేవాడండి. ఖలాస్, మా చర్చివాళ్ళకంటే గట్టి ఉపవాసం దానికి."

తర్వాత గొంతు తగ్గించింది.

"ఆ ఏసీ ఎందుకలా ఉంచారో నాకు తెలుసండి. వదినగారికి ఇప్పుడు మంట లేదు కదండీ."



ఇంటికి వచ్చాక ఒక మార్గం తోచింది. తొట్టిని తిరిగి హాల్లోకి తెస్తే గదిని అలాగే ఉంచవచ్చు. తొట్టి అంచులు పట్టుకుని నిలబడ్డాను. అది ఆమె మంచం పక్కన ఉంది. ఎత్తలేదు. రిమోట్ తీసుకుని ఏసీని ఇరవై ఏడుకు పెంచాను.

పరీక్షలో పురుగులేమీ కనబడలేదు. లంఖణం అయ్యాక ఎలుకపిల్లను పెట్టాను. పాము చాలాసేపు చూసి మింగింది. కక్కలేదు. కాని అరిగిందో లేదో అప్పుడే తెలియదు. నర్సు డ్యూటీకి వెళ్తూ రోజూ గుమ్మంలోంచి అడిగేది.

"దొడ్డికెళ్ళిందా అండీ?"

"ఇంకా లేదు."

"మా వార్డులో పేషెంట్లనైనా ఇన్నిసార్లు అడగనండి బాబూ."

వారం తిరక్కముందే ఒక ఉదయం తొట్టి మూలన రెట్ట కనబడింది. నర్సు అడగకముందే చెప్పాను.

"దేవునికి స్తోత్రం," అని లిఫ్టు వైపు వెళ్ళిపోయింది.

తొట్టి శుభ్రం చేశాను. గది వెచ్చగా ఉంది. కుర్చీ మీది కంబళి మడిచి బీరువాలో పెట్టి, హాల్లోంచి నా దిండు తెచ్చుకున్నాను.