డేవిడ్‌రాజు సారు తర్జుమా

ఆత్మకూరు బస్టాండుకు ఎదురుగా, ఎరువుల అంగడి పైన ఉన్న గదిలో నేను స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. అనురాధకు, అంటే నాకు, నోటి దురుసని ఊళ్ళో పేరుంది. కాదని నేనూ అనను. కానీ కిందటేడు వేసవిలో అరవై మూడేళ్ళ డేవిడ్‌రాజు సారు రొప్పుతూ మెట్లెక్కి వచ్చి, అడ్వాన్సుడు బ్యాచ్‌లో చేరతానన్నప్పుడు నాకే నోట మాట రాలేదు. ఉదయగిరిలో తొమ్మిదో తరగతిలో నాకు ఇంగ్లీషు గ్రామరు నేర్పింది ఆయనే.

"తాతకు దగ్గులు నేర్పమంటారా సార్?" అన్నాను.

"గ్రామరు నాకొచ్చులేమ్మా. బయటి దేశాలోళ్ళు ఇళ్ళల్లో మాట్లాడుకునే ఇంగ్లీషు రాదు. రాక ఒక తప్పు చేసినాను," అని కూర్చున్నారు.

ఉదయగిరి దగ్గర వాళ్ళ ఊరి బాప్టిస్టు చర్చిలో ఏటా ఫిబ్రవరిలో సభలు జరుగుతాయి. బయటి దేశం నుంచి ఎవరో ఒకరు ప్రసంగించడానికి వస్తారు. ఆయన పక్కనే ఇంకో మైకు పట్టుకుని, ఒక్కో వాక్యాన్నీ అప్పటికప్పుడు తెలుగులో చెప్పడం, అంటే తర్జుమా, ముప్ఫై ఏళ్ళుగా సారు పని. పాత ప్రసంగీకులు పుస్తకం చదివినట్టు మాట్లాడేవారు కాబట్టి బండి నడిచింది. ఆ ఏడు వచ్చినవాడు పాతికేళ్ళ కుర్రాడు. మధ్యలో ఉన్నట్టుండి, "మై డాడ్ ఈజ్ నాట్ అవుట్ ఆఫ్ ది వుడ్స్ యెట్" అని ఆగాడు.

ప్రతి మాటా సారుకు తెలుసు. కలిపి చూస్తే మాత్రం ఆ పెద్దాయన అడవిలో ఎందుకున్నాడో అంతు చిక్కలేదు. ఎదురుగా నాలుగు వందల మంది. తర్జుమా ఆగిపోతే పరువు పోయేది ఈయనొక్కడిదే కాదు, చర్చిది కూడా. అప్పుడే ముందు వరసలో లిదియమ్మ కనబడింది. పక్షవాతం వచ్చిన భర్త యేసురత్నాన్ని ఇంట్లో మంచం మీద వదిలి వచ్చి కూర్చుంది. ఆమెను చూడగానే, మంచం పట్టినవాణ్ణి దేవుడు లేపి నడిపిస్తాడనే వాగ్దానం సారు నోటికొచ్చింది. గట్టిగా చెప్పేశారు. జనమంతా చప్పట్లు కొట్టి హల్లెలూయా అన్నారు.

"ఆమె నమ్మిందమ్మా. ఉదయగిరి పోయి ఆయనకి కొత్త చెప్పులు కొనుక్కొచ్చి మంచం కింద పెట్టింది. ఇంతకీ ఆ పిల్లోడు అన్నదేంది?"

"ఫోనులో కొడితే వస్తుంది కదా సార్!"

"చూడాలంటే భయమేసింది."

చెప్పాను. అడవి దాటడమంటే గండం గడవడం. నాన్నకు గండం ఇంకా గడవలేదు అన్నాడు, అంతే. "ఆ పిల్లోడు కళ్ళు తుడుచుకుంటా ఉంటే, దేవుని ఆత్మ తాకిందనుకున్నాను," అన్నారు సారు.

ఆ వారం నుంచీ మంగళ, శుక్రవారాలు రెండు గంటలు బస్సులో కుదుపులు తిని వచ్చేవారు. ఇంజినీరింగు పిల్లల మధ్య ముందు బెంచీలో కూర్చునేవారు. ప్రతి ఇంగ్లీషు నానుడికీ తెలుగులో జోడు దొరికితే తప్ప నోటుబుక్కులో రాసేవారు కాదు. 'బ్లూ మూన్' చెప్పిన రోజు "అమాసకో పున్నానికో" అని వెంటనే రాసుకున్నారు. ఖరీదైన సరుకుకు కాలూ చెయ్యీ ఇచ్చామంటారని చెబితే, "ఇచ్చినాక ఆ సరుకు ఇంటికి ఎట్టా మోసుకుపోతారు?" అని వాదానికి దిగారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేను కసిరాను. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది. ఆయన రాని రోజున క్లాసు చప్పగా ఉండేది.

జనవరిలో పాస్టరు గారు మళ్ళీ తర్జుమాకు పిలిచారు. నిజం లిదియమ్మకు చెప్పందే మైకు ముట్టనన్నారు సారు.

నాకు ఒళ్ళు మండింది. "ఏడాదిగా ఆ ఆశతో బతుకుతోంది. ఇప్పుడు పోయి దాని మీద నీళ్ళు చల్లుతారా? మీ మనసు తేలికపడాలని ఆమె మనసు విరిచేస్తారా?"

"చెప్పకపోతే నేను ఏం చెప్పినా అబద్ధమేనమ్మా," అన్నారు. తరవాత చిన్నగా, "ఒక్కణ్ణే పోలేను. నువ్వు కూడా రా," అన్నారు. ఆ గొంతు విన్నాక కాదనలేకపోయాను.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాం. లిదియమ్మ భర్తకు గంజి తాగిస్తోంది. ఆ వాగ్దానం కుర్రాడన్నది కాదు, తాను అల్లిందని సారు నిలబడే చెప్పారు, బళ్ళో తప్పు చేసిన పిల్లాడిలాగా. చెబుతూ చెబుతూ ఏడ్చేశారు. ఆమె భర్త మూతి తుడిచి, గ్లాసు పక్కన పెట్టింది.

"ఆయన లేచేది కష్టమని నెల్లూరు డాక్టరు అప్పుడే చెప్పినాడన్నా. చెప్పులు కొన్నది నా ఆశకి. దానికి నువ్వెందుకు ఏడుస్తావు? కూర్చో."

హమ్మయ్య అనుకున్నాను. ఇక్కడితో అయిపోయిందనుకుని లేవబోయాను కూడా.

"అది సరే, ఆ పిల్లోడు అసలేమన్నాడు?" అని అడిగింది.

"వాళ్ళ నాయనకి గండం ఇంకా గడవలేదు అన్నాడు."

లిదియమ్మ ముఖం మారిపోయింది. "వాళ్ళ నాయనకి బాగలేదని ఆ బిడ్డ చెప్పుకుంటా ఉంటే మనం చప్పట్లు కొట్టినామా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎంత దూరం నుంచి వచ్చినాడన్నా! నాలుగు వందల మందిమి ఉంటిమే. మోకాళ్ళ మీద పడి ఉందుమే ఆయన కోసం. ఇప్పుడెట్టా ఉండాడు ఆ నాయన? పేరేంది?"

మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ ఒక్క మాటను తొమ్మిది నెలలుగా తిరగేసి బోర్లేసి చూశాం. దాని వెనక జబ్బుపడ్డ మనిషి ఒకడున్నాడనీ, ఎలా ఉన్నాడో అడగాలనీ మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పాఠాలు చెప్పేదాన్ని, నాకు సిగ్గేసింది.

సారు ఫోను తీశారు. ఆ కుర్రాడి నంబరు పాస్టరు గారు ఎప్పుడో ఇచ్చారట. మీ నాన్నగారు ఎలా ఉన్నారు, ఆయన పేరేమిటి అని ఇంగ్లీషులో రాశారు. నానుడులేవీ లేవు, రెండు చిన్న వాక్యాలు. నన్ను దిద్దమనలేదు.

"జవాబు రానీమ్మా. పేరు తెలిసినాక ప్రార్థన చేద్దాం," అన్నారు.

లిదియమ్మ ఆగలేదు. భర్త చేతిని తన చేతుల్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఆ బిడ్డ వాళ్ళ నాయన..." అని మొదలుపెట్టింది.