అవ్వ ఒప్పుకోని ముత్యం

మొన్న ఆదివారం జడ్చర్ల చర్చిల పాస్టరుగారు ముత్యం గురించి చెప్పిండు. ఆల్చిప్ప నొప్పిని ఓర్చుకుంటేనే ముత్యం పుడుతుందట, విశ్వాసి బాధ గూడ గంతేనట. అందరూ ఆమెన్ అన్నరు. నాకు ఒళ్లు మండింది.

మన ఈడోళ్లకు యాదికుండాలె, ఇండ్లల్ల పెట్టుకునే సాయంత్రపు ప్రార్థనలు. ఈతచాప, కందిలి గ్యాసునూనె వాసన, చివరికి ఉడకబెట్టిన పల్లీలు. కల్వకుర్తి దగ్గర మా ఇంట్ల గసుంటి ప్రార్థనకే వచ్చి, అప్పటి పాస్టరు అయ్యగారు మా అవ్వతోని ఇదే మాటన్నడు: "నీ దుఃఖాన్ని దేవుడు ముత్యం చేసిండమ్మా."

అవ్వ దుఃఖం ఊరందరికీ తెలుసు. నిజాం కాలంల ఆమె దొర గడీకి వెట్టికి పోయేది. దొర కూతురి పెండ్లికి వడ్లు దంచుతున్న దినం, ఇంట్ల జరమొచ్చిన పసిపిల్ల ఉన్నది, పాలిచ్చి వస్తనని బతిమాలింది. పని ఒడిసినంకనే పొమ్మన్నది దొరసాని. అవ్వ ఇల్లు చేరేసరికి పిల్ల పానం పోయింది.

అవ్వ పల్లీలు ఒలుసుకుంటనే అన్నది: "ముత్యాలు నేను చూసిన అయ్యగారూ. గా దినం దొరసాని మెడల మూడు పేటలున్నయి. నొప్పి చిప్పది, ముత్యం ఆమెది."

"గట్ల గాదు సారమ్మా, పరలోకంల..."

"నా బిడ్డ ముత్యం గాదు. ఆకలైతే ఏడ్చే పిల్ల."

అవ్వ సచ్చేదాక ప్రార్థన మానలేదు. రోజూ ఆ పిల్ల పేరు చెప్పి, 'గా దినం నువ్వు యేడున్నవ్' అని దేవున్నే నిలదీసేది. ఇంత చదువు చదివినంక, నాకు వచ్చిన ప్రార్థన గూడ గదొక్కటే.