ఒకే మైకులో ఇద్దరు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన మొదటి చలికాలంలో నన్ను సౌదీలో అల్ ఖోబర్‌లోని ఒక విదేశీయుల కాంపౌండ్‌కు మళ్ళీ వేశారు. హోదా ఆడియో సూపర్‌వైజర్. పేరు ఘనంగానే ఉంటుంది గానీ నా పైన రిక్రియేషన్ మేనేజర్, ఆయన పైన కాంపౌండ్ అడ్మినిస్ట్రేటర్, నా కింద మాత్రం ఒక్కడూ లేడు. కాంపౌండ్ అంటే ఎత్తు గోడల లోపల విదేశీ ఉద్యోగుల కోసం కట్టిన విల్లాల సముదాయం. ఈతకొలను, కొట్టు, చిన్న హాలు అన్నీ లోపలే. ఆ హాల్లోని మైకులు, స్పీకర్లు, మిక్సర్ బల్ల నా బాధ్యత.

కరోనాకు ముందు కూడా కొన్నేళ్ళు అక్కడే చేశాను. దానికంటే ముందు దమ్మామ్‌లో సౌండ్ పరికరాలు అద్దెకిచ్చే కంపెనీలో చాలా ఏళ్ళు చేశాను. అక్కడే నడుము విరిగింది, చెవులు సగం అరిగాయి. సంగీతం మీద ప్రేమతో ఈ పనిలోకి వచ్చానని చాలామంది అనుకునేవారు. అదేం లేదు. కాకినాడలో పాలిటెక్నిక్ చదివాను, ఎలక్ట్రానిక్స్ వచ్చింది, వీసా దొరికింది, విమానం ఎక్కాను. సెలవులకు ఇంటికెళ్తే రేడియో కూడా పెట్టనిచ్చేవాణ్ణి కాదు. మా ఆవిడ ఇప్పటికీ ఆ విషయం ఎత్తి దెప్పుతూనే ఉంటుంది.

ఆ కాంపౌండ్‌లో టెర్రీ, కీత్ అని ఇద్దరు బ్రిటిష్ ఇంజనీర్లు ఉండేవారు. ఇద్దరూ డెబ్బైకి దగ్గరపడ్డవాళ్ళు, కన్సల్టెంట్లుగా కొనసాగుతున్నారు. ఇంగ్లండులో ఒకే బడిలో చదువుకున్నారు. గిటారు బృందాల హోరు ఇంకా మొదలుకాని రోజుల్లో అక్కడ జంటగాయకుల మోజు ఒకటి నడిచిందట. ఒకే రకం సూట్లు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు, ఒక గిటారు, ఒక మైకు. వీళ్ళిద్దరూ చిన్నప్పుడు రేడియోలో ఆ పాటలు విని, బడి మెట్ల మీద కూర్చుని నేర్చుకున్నారు. అప్పటి నుంచి ఎక్కడ ఉద్యోగం చేసినా పాట మాత్రం మానలేదు. కాంపౌండ్‌లో ఏటా జరిగే పాతపాటల సాయంత్రానికి చివరి అంశం వాళ్ళదే.

మన దగ్గర ఇద్దరు కలిసి పాడితే ఒకే స్వరం మీద పాడతారు. ఒకరి గొంతు ఒకరికి తోడు, అంతే. ఆ జంటల పద్ధతి వేరు. ఒకరు పాట వరస పాడుతుంటే రెండోవారు దానికి కాస్త కింద, వేరే స్వరాల మీద, అవే మాటలు అదే క్షణంలో పాడాలి. మొదటి గొంతు టెర్రీది, రెండోది కీత్‌ది. కొత్తలో నేను చెరొక మైకు పెట్టాను. టెర్రీ మర్యాదగానే ఒకటి తీసి పక్కన పెట్టేశారు. ఆ పాటలు ఒకే మైకులో పాడాల్సినవనీ, ఎవరి గొంతు ఎంత వినబడాలో ముందుకీ వెనక్కీ జరిగి తామే చూసుకుంటామనీ చెప్పారు. మైకుకు దగ్గరగా వస్తే గొంతులో బరువు పెరుగుతుంది, జరిగితే పలచబడుతుంది. వాళ్ళు దవడ దవడ తగిలేటంత దగ్గరగా నిలబడి, తలలు మాత్రం కదుపుతూ ఆ పని చేసుకునేవారు. నాకూ ఒక మీట కదిపే బాధ తప్పింది. ప్రతి కార్యక్రమాన్నీ బల్ల నుంచి రికార్డు చేసి దాచడం మా నియమం కాబట్టి వాళ్ళ పాటలన్నీ నా దగ్గర ఉండేవి. రెండు గొంతులూ ఒకే ట్రాకులో.

నేను తిరిగి చేరేనాటికి కీత్ అక్కడ లేరు. వేసవిలో పక్షవాతం వచ్చి, ఖోబర్ ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి, కంపెనీవాళ్ళు ఇంగ్లండుకు పంపేశారు. కుడిచెయ్యి కొంత కోలుకుంది. మాట మాత్రం పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుంది, తాను చెప్పాలనుకున్న మాట నోటికి రాదు. భార్య ఎప్పుడో పోయింది, చూసుకునేది కూతురు హెలెన్.

ఒకరోజు డ్యూటీ ఎక్కగానే టెర్రీ హాలుకొచ్చి, హెలెన్ పెట్టిన సందేశం నాకు చదివి వినిపించారు. ఇలాంటి రోగుల్లో కొందరికి మాట రాకపోయినా పాటలో మాటలు వస్తాయట. కీత్‌కు చికిత్స చేసే అమ్మాయి ఆ దారిలో ప్రయత్నిస్తోందట. టెర్రీ తన వరసను ఫోన్లో పాడి ముందే పంపించారు. అది విని కీత్ నోరు తెరిచారు గానీ, ఎక్కడ అందుకోవాలో దొరక్క కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. ఇద్దరూ పాడిన పాత రికార్డు వినిపిస్తే కళ్ళు మూసుకుని విన్నారే తప్ప పెదవి కదపలేదు. కాబట్టి ఆయన సొంత వరస ఒక్కటే విడిగా కావాలి, దాన్ని పట్టుకుని ఆయన నడవగలరేమో చూస్తామని ఆ అమ్మాయి చెప్పిందట. మాట తిరిగి రావడానికి మొదటి నెలలే ముఖ్యమని, ఆలస్యం చెయ్యొద్దని హెలెన్ బతిమాలింది. టెర్రీ అది చదువుతున్నంతసేపూ నా మొహంలోకి చూడలేదు.

విడదీస్తానని ఒప్పుకున్నాను. పాటలోంచి గొంతునూ వాద్యాలనూ వేరుచేసే సాఫ్ట్‌వేర్ అప్పటికే వచ్చింది. అందులో వేస్తే గిటారు శుభ్రంగా ఊడి వచ్చింది. గొంతులు మాత్రం రెండూ కలిపి ఒకటే ముద్దగా వచ్చాయి. దానికి మనిషి గొంతు, గిటారు అనే తేడా తెలుసు గానీ ఈ మనిషి, ఆ మనిషి అనే తేడా తెలియదు. పైగా ఇద్దరూ ఒకే ఊరి యాస, ఒకేచోట ఊపిరి తీసుకుంటారు, మాట ముగించేది కూడా ఒకేసారి. కింది స్వరాలను జల్లెడపట్టి చూశాను. మిగిలింది డబ్బాలోంచి మాట్లాడినట్టుంది. తల ప్రాణం తోకకొచ్చింది. వీలు కాదని టెర్రీకి చెప్పాను.

అయితే కీత్ వరస నేనే పాడతానని ఆయన కూర్చున్నారు. తేలికే అనుకున్నాం ఇద్దరమూ. గిటారు మీద కీత్ అందుకునే స్వరం మీటి, మొదలుపెట్టారు. మొదటి రెండు మాటలు సరిగ్గానే వచ్చాయి. మూడో మాటకు తన వరసలోకి ఎక్కేశారు. ఆపి, మళ్ళీ. మళ్ళీ ఎక్కేశారు. చెవికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాత రికార్డు వింటూ పాడినా అంతే. అరవై ఏళ్ళుగా పక్కనే వింటున్న వరస ఆయన నోటికి రాలేదు. చివరికి గిటారు ఒళ్ళో పెట్టుకుని, నాకు వాడి పాట తెలియదు, ఎప్పుడూ తెలియదు కాబోలు అన్నారు. ఆయన్ను చూస్తే జాలేసింది. కేబుళ్ళు చుట్టుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు హాలు తుడుస్తున్నది రమణమ్మ. రాయచోటి దగ్గరి మనిషి, క్లీనింగ్ కాంట్రాక్టరు మీద వచ్చింది. విల్లాలు, హాలు శుభ్రం చేసే బృందంలో ఉండేది. కీత్ విల్లా కూడా ఆమె వంతే. టెర్రీ బయటికెళ్ళగానే మాపుకర్ర గోడకు ఆనించి నా దగ్గరికొచ్చింది.

"ఏందన్నా, ఆ పొడుగు సారు ఇప్పటికీ తప్పే పాడతాండాడే! మా కీత్ సారు ఎన్నిసార్లు సరిగ్గా పాడి సూపిచ్చినా ఆయనకు రానే రాదా?"

నాకు అర్థం కాలేదు. తప్పేమిటమ్మా అన్నాను.

"ఆ పాట అట్ల గాదు గదన్నా. ఇట్లుంటాది" అని సన్నగా అందుకుంది. కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. అది కీత్ వరస. మాటలు ఇంగ్లీషూ కాదు తెలుగూ కాదు, సగం సగం, కానీ స్వరం ఎక్కడా పక్కకు జరగలేదు.

విషయం ఏమిటంటే, రెండో గొంతు పాడేవాడు విడిగా కూర్చుని సాధన చెయ్యాలి. మొదటి గొంతుకు ఆ అవసరం ఉండదు, వరస అందరికీ తెలిసిందే. కీత్ రోజూ వంటింట్లో టీ కాచుకుంటూ తన వరస పాడుకునేవారు. ఈమె అక్కడే గిన్నెలు కడుగుతూ వినేది. ఆమె దృష్టిలో పాటంటే అదే. పాతపాటల సాయంత్రం రోజున హాలు వెనక నిలబడి వింటే టెర్రీ ఇంకేదో పాడుతున్నట్టు అనిపించి, పెద్దమనిషిని ఏమంటాంలే అని ఇన్నాళ్ళూ ఊరుకుందట. చాలా నెలల తర్వాత ఆవేళ నాకు నవ్వొచ్చింది.

రికార్డు చేద్దాం పాడమ్మా అంటే మాత్రం బెదిరిపోయింది.

"అమ్మో, నాకొద్దన్నా. నా గొంతు ఫోన్లల్లో తిరిగిందంటే మా ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారా? మా సూపర్‌వైజరుకు తెలిస్తే వాపసు పంపిచ్చేస్తాడు. నా ఇకామా ఇంగా రెన్యూల్ గూడా గాలేదు."

ఆమె భయం ఉత్త భయం కాదు. ఇకామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు, కాంట్రాక్టరు చేతిలోనే ఉంటుంది. కాంట్రాక్టరు మనిషి డ్యూటీ ప్రకారం తుడవాలి, కాంపౌండువాళ్ళ కార్యక్రమాల్లో వేలు పెట్టకూడదు. నేను రిక్రియేషన్ మేనేజర్‌కు చెప్పి, ఆయన చేత కాంట్రాక్టరు సూపర్‌వైజర్‌కు మెయిల్ పెట్టించాను. ఫలానా సమయంలో ఈమె సేవలు హాలు పనికి కావాలని మాత్రమే రాయించాను, పాట మాట ఎత్తలేదు. పేరూ, ఫోటో ఎక్కడా ఉండవని, కీత్ కూతురికి తప్ప ఇంకెవరికీ పంపనని ఆమెకు మాటిచ్చాను. అప్పుడు అడిగింది, ఇది వింటే కీత్ సారుకు మాటొస్తాదా అని. రావచ్చు, రాకపోవచ్చు అన్నాను. కొంగు నడుముకు దోపుకుని, యాడ నిలబడాలో సూపిచ్చన్నా అంది.

విడదీసిన గిటారు ట్రాకు ఉంది కదా, అది హెడ్‌ఫోన్లలో వినిపించాను. లేకపోతే ఆమె తొందరపడి ముందుకు పరిగెత్తుతోంది. ఆడగొంతు కాబట్టి కీత్ స్థాయికి పైనే పడింది, దాన్ని అలాగే ఉంచాను. యంత్రంతో కిందికి దించితే మనిషి గొంతులా ఉండదు. టెర్రీని హాలు బయట కూర్చోబెట్టాం. ఆయన లోపలుంటే పెదవులు ఆడతాయి, ఈమె నవ్వేస్తుంది. నాలుగైదుసార్లకు ఒకటి కుదిరింది. దాన్ని గిటారుతో కలిపి హెలెన్‌కు పంపించాం.

వారమంతా ఏ కబురూ లేదు. ఈలోగా టెర్రీకి ఫైనల్ ఎగ్జిట్ పడింది. అంటే ఇక తిరిగి రాకుండా దేశం వదిలిపోయే వీసా. విల్లా తాళాలు, బ్యాంకు క్లియరెన్సు, కారు బదిలీ, ఒక్కో సంతకం కోసం ఒక్కో ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఆయన సగమైపోయారు. ఒక మధ్యాహ్నం మేమిద్దరం హాల్లో ఉండగా హెలెన్ నుంచి ఆడియో వచ్చింది. బల్లకు కలిపి స్పీకర్లలో పెట్టాను. ముందు రమణమ్మ గొంతు. రెండు పంక్తులదాకా ఇంకేమీ లేదు. తర్వాత ఆమె గొంతు కింద ఒక గరగర మొదలైంది. అది నెమ్మదిగా స్వరం పట్టుకుంది. ఆ తర్వాత మాటలు వినబడ్డాయి. ముద్దముద్దగానే, కానీ మాటలే. పంక్తి పూర్తయింది. నేను అప్రయత్నంగా చేత్తో బల్ల కొట్టాను.

టెర్రీ మాత్రం కదల్లేదు. మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ వేశాను. అప్పుడు నాకూ తెలిసింది. కీత్ పాడుతున్నది తన వరస కాదు. టెర్రీ వరస.

చికిత్స చేసే అమ్మాయి అనుకున్నదీ, మేమనుకున్నదీ తప్పు. తన వరస పట్టుకుని నడుస్తారనుకుంటే, దాన్ని రమణమ్మకు వదిలేసి ఖాళీగా ఉన్న మొదటి గొంతులోకి వెళ్ళి నిలబడ్డారు. ఆలోచిస్తే వింతేమీ లేదు. మొదటి గొంతు తన దారి చూసుకుని పోతుంది. రెండో గొంతుకు అది కుదరదు, ప్రతి క్షణం మొదటి గొంతును వింటూనే పాడాలి. అన్నేళ్ళుగా కీత్ తన పాటకన్నా ఎక్కువగా విన్నది టెర్రీ పాటను. టెర్రీకి కీత్ పాటను వినాల్సిన పని ఎన్నడూ పడలేదు. ఈ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది. ఆయన కుర్చీలో కూలబడి, వాడికి నాదంతా వచ్చు అన్నారు. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నారు. ఆ మొహం చూడలేక స్పీకర్లు కట్టేశాను.

మర్నాడు ఆయన ఎగ్జిట్ కాగితాల పని పక్కన పెట్టి హాలుకొచ్చారు. రమణమ్మ డ్యూటీ దిగే ముందు కొంతసేపు ఇప్పించగలనా అని అడిగారు. మళ్ళీ మేనేజరు, మళ్ళీ మెయిలు. ఆయన ప్రయాణానికి మిగిలిన పదిరోజులూ నా పని, గిటారు ట్రాకు పెట్టడం, ఆపడం, మళ్ళీ పెట్టడం. ఒకే పాట. నిజం చెప్పాలంటే ప్రాణం విసిగింది. రమణమ్మకు మాత్రం ఓపిక చాలా ఎక్కువ. ఆయన మూడో మాటకు పైకి ఎక్కగానే చెయ్యి అడ్డం పెట్టేది.

"నో సార్, నో! మళ్ళా మీ పాటకే పోతాండారు. ఆడనే నిలబడండి."

ఆయనకు తెలుగు రాదు, ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆ చెయ్యి చాలు. తలవంచుకుని మొదటి నుంచి అందుకునేవారు. విమానం ఎక్కేనాటికి ఒక చరణం జారకుండా పాడగలిగారు. రెండో చరణంలో ఇంకా తడబాటు ఉంది. రమణమ్మకు చెయ్యి కలపబోతే ఆమె సిగ్గుపడి నమస్కారం పెట్టింది. కీత్ సారును అడిగినానని సెప్పండి అని నాతో చెప్పించింది.

ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఇద్దరు పాడితే రెండు మైకులు, రెండు ట్రాకులు. వద్దన్నవాళ్ళతో వాదించి మరీ పెట్టించాను. ఇది ఆ వ్యవహారం నేర్పిన పనిపాఠం. ఇంకొకటి కూడా తెలిసింది. ఎవరి గొంతు ఎంత గట్టిగా ఉందో మిక్సర్ బల్ల మీటరు చూపిస్తుంది గానీ, ఎవరు ఎవరిని వింటున్నారో చూపించదు.

కీత్‌కు మాటలు కొన్ని తిరిగొచ్చాయి, అన్నీ రాలేదు. టెర్రీ ఇంగ్లండులో ఆయన ఉండే వీధిలోనే ఇల్లు తీసుకున్నారు. వారంలో కొన్ని రోజులు వెళ్ళి కూర్చుని పాడతారట. ఇప్పుడు ఆ జంటలో రెండో గొంతు టెర్రీది.