తూము కింద చీటీలు

మా చరిత్ర సారు పోయారు. సత్యవేడు దగ్గర తన ఊళ్ళోనే, నిద్రలోనే పోయారట. తిరుపతిలో ఒక సభలో నేను గొంతు చించుకుంటున్నప్పుడు ఫోను మోగింది. సభ ముగిసేదాకా తీయలేదు. ఊరు చేరేసరికి మట్టి కప్పేశారు. ఆయన గురించి రాసే అర్హత లేనివాళ్ళలో ముందు పేరు నాదే. అయినా రాస్తున్నాను, నలుగురిలో ఆయన్ని ఓడించినవాణ్ణి నేనే కనక.

కాలేజీలో ఆయన మాకు స్కాట్లండు పాఠం చెప్పారు. మూణ్ణాలుగు వందల ఏళ్ళ కిందట అక్కడి పల్లెల్లో ఇళ్ళన్నీ గుంపుగా ఉండేవట. పొలాన్ని సన్నటి చెక్కలుగా కోసి, మంచి మన్నూ రాళ్ళ మన్నూ అందరికీ వచ్చేలా పంచుకునేవాళ్ళట. కొన్నిచోట్ల ఎవరికి ఏ చెక్కో తేల్చడానికి కొన్నేళ్ళకోసారి చీటీలు మళ్ళీ వేసేవాళ్ళట. తర్వాత భూస్వాములు ‘అభివృద్ధి’ అన్నారు. చెక్కలన్నీ కలిపి ఒక్కొక్కరికి ఒక కమతం చేసి గోడలు కట్టారు. ఇళ్ళు చెదిరాయి. పిడికెడు నేల మీద బతికే కూలీలకు ఊరే లేకుండా పోయింది.

“యాడో స్కాట్లండు మనకెందుకు సార్?” అన్నాను.

“యాడో కాదప్పా, మా సెరువు కిందే ఉండాది. వచ్చి సూడు.”

ప్రతి సోమవారం ఆయన మా బెంచీలకు కూడా చీటీలు వేసేవారు. “ముందు బెంచీ ఎవురి నాయన సొత్తూ గాదు” అనేవారు. వెనక బెంచీ పడితే నేను అలిగేవాణ్ణి.

ఆయన ఊళ్ళో అప్పటికింకా దామాషా ఉండేది. చెరువు సగమే నిండిన ఏడు తూము దగ్గరి మడులే సాగుచేసేవాళ్ళు. వాటిని ఆయకట్టు రైతులంతా వాటాల ప్రకారం చీటీలేసి పంచుకునేవాళ్ళు. తూము పక్క భూమి ఎవరిదైనా, ఆ పంటకు అందరిదీ. సారు మడి కూడా తూము పక్కదే.

ఉపన్యాసాలు నేర్చాక, సారు చూడమన్న ఆ ఊరికి వెళ్ళి చీటీల కూటంలో లేచాను. “దళితవాడకు ఒక్క చీటీ అయినా ఉందా? ఇది పంపకమా, పెత్తనమా? రద్దు చేయండి. ఎవరి భూమి వాళ్ళది!”

సారు లేచారు. “అబ్బోడు సెప్పేది నిజం. వాడకు సీటీ ల్యాకపోవడం మా తప్పే. అయితే వాడకూ సీటీ రాయమనప్పా. ఉండే సీటీ సించమంటే ఎట్ల?”

“మీకు పాత ఊరి మీద మోజు సార్” అన్నాను. చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది తూము పక్క భూములవాళ్ళని అప్పుడు చూడలేదు. చూసినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

తర్వాతి కరువులో వాళ్ళు నా మాటే నాకన్నా బాగా చెప్పారు: ఎవరి భూమి వాళ్ళది. చీటీలు పడలేదు. తూము పక్కన బోర్లు దిగాయి, కంచెలు లేచాయి. చివరి మడులవాళ్ళు అమ్ముకుని రోడ్డు పక్కకు చేరారు. దళితవాడకు కోతల కూలి కూడా పోయింది. దామాషాలో అన్యాయముందని ఇప్పటికీ అంటాను, ఎవరితోనైనా వాదిస్తాను. అయితే నా ఉపన్యాసం దెబ్బకు పోయింది పంపకం, అన్యాయం చెక్కుచెదరలేదు.

ఈ మాట ఆయన ముందు ఒప్పుకోవాలనుకున్నాను. శ్రీకాళహస్తి బస్టాండులో ఒకసారి కనిపించారు కూడా. నోరు తెరిచి రాజకీయాలు మాట్లాడాను. “బస్సొచ్చె, పోయొస్తానప్పా. గొంతు జాగర్త” అన్నారు.

ఇప్పుడు సారు మీద కప్పిన మట్టికి దండం పెట్టి చెరువుకట్ట మీదికి నడిచాను. ఈ ఏడు చెరువు సగమే. తూము కింద ఒక్క మడికే కంచె లేదు. సన్నటి గట్లతో పదీ పన్నెండు చెక్కలు. ఒకదాంట్లో వరి, పక్కన రాగి, ఆ పక్కన వేరుసెనగ. పారతో నీళ్ళు కడుతున్న ఆమెను ఎవరిదని అడిగాను.

“సారు మడి నాయనా. సెరువు నిండని ఏడు సారొక్కడే సీటీలేసేటోడు. మాది వాడ. మాకూ ఏసినాడు.”

“ఎప్పట్నించి?”

“ఎవురో తిరపతి అబ్బోడు కూటంలో అడిగినాడంట, వాడకు సీటీ యాడ అని. బాగా అడిగినాడు, మాకే తోసలేదు అనేటోడు సారు. ఆ అబ్బోడెవురో నీకు తెలుసునా?”

తెలియదన్నాను.

ఆమె పారెడు మట్టి వేసి తన చెక్క మడవ మూసింది, పక్క చెక్కకు తెరిచింది. పగుళ్ళిచ్చిన మన్ను మీద నీళ్ళు నెమ్మదిగా పాకుతూ అవతలి గట్టుదాకా పోయాయి.