కుడి పక్కకు మార్చిన బటన్

నాలుగేళ్ల కిందట, ఖరీఫ్‌కు ముందు, నన్ను నంద్యాలలో కాలువ కంట్రోల్ రూముకు డిప్యూటీ ఇంజనీరుగా వేశారు. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. కాలువ గేట్లను కంప్యూటర్‌తో ఎత్తి దించడం అక్కడి పని. నంద్యాలలో ఆపరేటర్ మౌస్ నొక్కితే ఆళ్లగడ్డ దగ్గర గేటు లేస్తుంది. నొక్కగానే లేవదు. ముందు తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చి "గేటు ఎత్తాలా?" అని అడుగుతుంది. ఎడమ పక్క "అవును", కుడి పక్క "వద్దు" అని రెండు బటన్లు.

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు కంపెనీ వాళ్లు ఈ వరుస తిప్పుదామన్నారు. ఈ మధ్య చాలాచోట్ల "అవును" కుడి పక్కనే ఉంటోందట. నాకూ సబబుగానే తోచింది. ఆపరేటర్లను అడగాలని మాత్రం తోచలేదు, అంత పెద్ద ఇంజనీరును మరి. సంతకం పెట్టి, గోడకు సర్క్యులర్ అంటించి చేతులు దులుపుకున్నాను.

నాకు తెలియనిది ఒకటుంది. ఆ పెట్టె తెర మీదికి రావడానికి చాలాసేపు పట్టేది. అందుకని ఆపరేటర్లు దాన్ని ముందే తెరిచిపెట్టుకుని, మౌస్ మీద చెయ్యి వేసి, లస్కర్ మాట కోసం కాచుకునేవాళ్లు. లస్కరంటే గేటు దగ్గర కాపలా ఉండే మనిషి. అతను "ఎత్తు" అంటే ఎడమ, "ఆగు" అంటే కుడి. తెర చూసేవాళ్లే కాదు.

వరుస మార్చిన మూడో రోజు పొద్దున నేను అక్కడే ఉన్నాను. సీట్లో కరుణమ్మ, పదేళ్ల అనుభవం. సెలవు నుంచి వచ్చాక ఆమెకు అదే మొదటి డ్యూటీ. ఆళ్లగడ్డ లస్కర్ ఓబులేసు గొంతు ఫోన్ స్పీకర్లో వినబడింది.

"అక్కా, ఆగు. గేటు ముందర కంప తగులుకుండాది. దిగి తీస్తాండా."

కరుణమ్మ "సరేన్నా" అని, ముందే తెరిచిపెట్టుకున్న పెట్టెలో అలవాటుగా కుడి బటన్ నొక్కింది. తెర మీద గేటు ఎత్తు అంకె మారడం మొదలైంది. గేటు వెనక నిండా నీళ్లు. ముందు, ఎండిన కాలువలో, మనిషి.

ఫోన్లో ఒక్కసారి హోరు వినిపించి, లైను తెగిపోయింది. కరుణమ్మ గబగబా "ఆపు" నొక్కింది. దానికీ ఒక పెట్టె: "ఆపాలా?" ఆమె ఎడమ పక్క నొక్కింది. అక్కడిప్పుడు "వద్దు" ఉంది. పెట్టె మాయమైంది, గేటు లేస్తూనే ఉంది.

"సార్, ఆగలే సార్, ఆగలే."

నేను మౌస్ లాక్కుని మళ్లీ "ఆపు" నొక్కాను. పెట్టె రావాలి కదా. అది వచ్చేలోపు నా ప్రాణం పోయినంత పనైంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతకం పెట్టిన నా చెయ్యి కూడా ఎడమకే పోయింది. నొక్కబోయి ఆగి, అక్షరాలు కూడబలుక్కుని చదివి, కుడి నొక్కాను. గేటు ఆగింది. వెంటనే దించాను.

ఓబులేసు ఫోన్ పలకలేదు. కరుణమ్మ కళ్లు మూసుకుని ప్రభువును పిలుస్తోంది. ఒక మనిషిని చంపేశాననే అనుకున్నాను. ఇరవై నిమిషాలకు ఎవరో రైతు నెంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, బతికే ఉండా. ఇనప నిచ్చెన పట్టుకున్యా. చెయ్యి ఇరిగింది. ఏందక్కా, ఆగమంటే ఎత్తినావు?"

కరుణమ్మ ఏడ్చేసింది.

సాయంత్రానికల్లా పై ఆఫీసు నుంచి ఆమెకు మెమో వచ్చింది. నిర్లక్ష్యమట. నాకు ఒళ్లు మండింది. ఆమె తప్పు లేదు, వరుస మార్పించింది నేను అని రాసిచ్చాను. ఆ మెమో నా పేరుకు మారింది.

మర్నాడు ఆళ్లగడ్డ ఆసుపత్రికి పోయి ఓబులేసుకు ఎడమ, కుడి అంటూ జరిగిందంతా వివరించాను. కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఓపికగా విన్నాడు.

"ఏ బటను యాడుంటే నాకేంది సార్. ఆపమంటే ఆగల్ల."

ఆ వారమే పాత వరుస పెట్టించాను. "ఆపు"కు మాత్రం పెట్టే తీసేయించాను. నొక్కితే ఆగుతుంది, మళ్లీ అడగదు. బటన్ నొక్కేవాళ్లను అడగకుండా దాని చోటు మార్చకూడదని ఉద్యోగం చివర్లో నేర్చుకున్నాను. ఓబులేసు ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు.