పెద్దమ్మాయి రెండో గేరు

మా అక్క గోళ్లలో ఎప్పుడూ నల్లగా గ్రీజు ఉంటుంది. ఎవరైనా దాన్ని వింతగా చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఇరవై రెండేళ్లుగా ఆ చేతులు విప్పి బిగించిన గేర్‌బాక్సులన్నీ వరసగా పెడితే మా వీధి చాలదు. ఆమె మెకానిక్ షెడ్డు పక్కనే నాకు బండ్ల ఆయిల్ కొట్టుంది. తమ్ముణ్ణి కాబట్టి పొగుడుతున్నానంటారేమో, అనుకోండి. నాకేం పోయింది!

అక్కకు ఈ విద్య పుట్టింట్లో అబ్బలేదు. షెడ్డు ఆమె మామగారిది. ఆయన కొడుకు, అంటే మా బావ, బడిలో లెక్కలు చెబుతాడు. స్టెప్నీ మార్చమంటే ముందు చేతులు కడుక్కుంటాడు. పెళ్లయిన కొత్తల్లో ఒకరోజు టీ ఇవ్వడానికి షెడ్డుకు వెళ్లిన అక్క, "మామయ్యా, ఆ చిన్న చక్రం తిరగేసి పెట్టారేమో?" అందట. ఆయన టీ పక్కన పెట్టి చూసుకున్నాడు. తిరగేసే ఉంది. మర్నాటి నుంచి టీ ఆయనే పెట్టుకున్నాడు, అక్క చేతికి పానా ఇచ్చాడు. ఇప్పుడు ఊళ్లో డ్రైవర్లందరికీ ఆమె గేర్‌బాక్సు డాక్టరమ్మ.

ఆ మామగారికి, మా పెద్దాయనకు, ఒక కారుంది. యాభై ఏళ్లు దాటిన బండి. మా బావ పుట్టకముందే కొన్నాడు కాబట్టి దాన్ని పెద్దమ్మాయి అంటాడు. దాని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వడు, అక్కను కూడా. అలాంటిది ఈ వేసవిలో పెద్దమ్మాయి ఉన్నట్టుండి పళ్లు కొరకడం మొదలుపెట్టింది. ఒకటో గేరులోంచి రెండోది వేస్తే చాలు, కర్ర్‌మని చప్పుడు. వీధిలో పోయేవాళ్లు కూడా తిరిగి చూసేవారు.

ఆ కాలపు గేర్‌బాక్సుల్లో ఇత్తడి రింగులుంటాయి. వేరువేరు వేగాల్లో తిరిగే చక్రాలను పట్టి ఆపి, ఒక్క వేగానికి తెచ్చి కలపడం వాటి పని. రింగు పట్టు తప్పితే పళ్లూ పళ్లూ కొట్టుకుంటాయి. ఆ మోడల్ రింగులు ఇప్పుడు భూతద్దం పెట్టి వెతికినా దొరకవు. గేరుగేరుకీ క్లచ్ రెండుసార్లు తొక్కితే చప్పుడు రాదు కానీ, ఆయన ఎడమ మోకాలు అందుకు ఒప్పుకోదు.

మూడు నెలలు ఓర్చుకున్నాడు. ఒక ఉదయం షెడ్డు మధ్యలో నిలబడి చెప్పేశాడు.

"రింగులు అయిపోయాయి. నా బండే నడివీధిలో పళ్లు కొరుకుతుంటే, నేను పదిమంది బండ్లు ఏం బాగుచేస్తాను? పాత ఇనప సామాన్లవాడికి కబురు చేశాను. సాయంత్రం నాలుగింటికి లారీ వస్తుంది."

అక్క పానా కింద పెట్టి ముందుకొచ్చింది.

"ఒక్కసారి నన్ను చూడనివ్వండి మామయ్యా."

"ఏముంది చూడ్డానికి? నేను చూడలేదా?"

"నాలుగింటి దాకా టైముంది కదా. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆయన తాళంచెవి బల్ల మీద పడేసి లోపలికి వెళ్లిపోయాడు. నడకలోనే తెలిసిపోయింది, మనిషి లోపల ఎంత నలిగిపోతున్నాడో.

అక్క బండిని రెండు వీధులు తిప్పుకొచ్చి, తిన్నగా నా కొట్టుకొచ్చింది.

"ఒరేయ్, రింగు అరిగితే మెల్లమెల్లగా చెడుతుంది. ఇది ఒక్క వారంలో చెడింది. దానికి ముందు మామయ్య బండిలో ఏం మార్చారు?"

"గేరాయిల్ మార్చుకున్నారు. నేనే ఇచ్చాను. కొట్టులోకెల్లా మంచిది, ఐదో నంబరుది."

డబ్బాల మీద రకాన్ని బట్టి నంబరుంటుంది; ఆయన ఎప్పుడూ వాడేది నాలుగో నంబరు. ఆ రోజు కొట్టుకొచ్చి, పైఅరలో మెరుస్తున్న కొత్త డబ్బా చూసి, "ఐదు వచ్చాక ఇంకా నాలుగెందుకోయ్? నా పెద్దమ్మాయికి పెద్దదే ఇవ్వు" అన్నాడు. నేను గంగిరెద్దులా తలూపాను.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఐదైతే గొప్పదా? చెప్పులు కూడా నంబరు పెరిగితే కాలు జారుతుంది, తెలుసా? ఐదో నంబరు, వెనక ఇరుసుకు పోసేదిరా. అక్కడ బరువెక్కువ, జారుడు కావాలి. ఇక్కడ రింగు పట్టుకోవాలి. అంత జారే నూనె పోస్తే ఇంకేం పట్టుకుంటుంది, నీ మొహం! పైగా అందులో కలిపిన మందు, ఏళ్లు గడిస్తే ఇత్తడినే తినేస్తుంది."

"అన్ని బండ్లకీ పనికొస్తుందని తెచ్చిచ్చినవాడు చెప్పాడే..."

"వాడు చెప్తే? నీ డబ్బా వెనక ఏం రాసుందో నువ్వెప్పుడైనా చదివావా?"

చదవలేదు.

అయితే అసలు భయం అప్పుడే పట్టుకుంది. ఈ మూడు నెలల కొట్లాటలో రింగులు నిజంగానే అరిగిపోయి ఉంటే? అప్పుడు పెద్దాయన మాటే మాట, లారీయే గతి. అక్క బండిని జాకీల మీద ఎత్తి, వేడి మీదున్న ఆయిల్ దింపి, పాత తెల్ల దుప్పటి ముక్కలో వడకట్టింది. గుడ్డను ఎండలో పరిచి ఇద్దరం మోకాళ్ల మీద కూర్చున్నాం. ఇత్తడి రజను పసుపుగా మెరిస్తే రింగుల పని అయిపోయినట్టే. అక్క గుడ్డను అటు తిప్పి, ఇటు తిప్పి, వేలితో రాసి చూసింది. బూడిదరంగు మడ్డి తప్ప ఏమీ లేదు. పసుపు నలుసులు నాలుగంటే నాలుగు.

"బతికే ఉన్నాయిరా రింగులు!" అంది. "తే నీ నాలుగో నంబరు."

కింది అరలో దుమ్ముకొట్టుకుపోయిన డబ్బాలు తెచ్చాను. ఒకసారి పోసి, చక్రాలు గాల్లో ఉండగానే ఇంజను వేసి, అన్ని గేర్లూ తిప్పి, మళ్లీ దింపేసింది. మూలల్లో దాక్కున్న ఐదో నంబరు కూడా పోవాలట. రెండోసారి పక్క రంధ్రంలోంచి బొట్టు బొట్టుగా పొర్లేదాకా పోసి మూత బిగించింది. అంతలో బయట హారన్ మోగింది. లారీ!

"నాలుగింటికి రమ్మంటే మూడున్నరకే ఊడిపడ్డావేంటయ్యా? అక్కడే ఉండు, గేటు దాటావంటే మర్యాదగా ఉండదు!" అని అరిచాను. నా కోపం వాడి మీద కాదని వాడికేం తెలుసు, పాపం.

హారన్ విని పెద్దాయన బయటికొచ్చాడు. అక్క చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్లింది.

"రింగులు బాగానే ఉన్నాయి మామయ్యా. తప్పు ఆయిల్‌ది."

"ఆయిల్ నేనే పోశాను."

"అవును, మీరే పోశారు. నాలుగు పొయ్యాల్సిన చోట ఐదు పోశారు."

ఆయన మొహం కందగడ్డయింది. "నాకే చెబుతున్నావా?"

"మీరు నేర్పిందే చెబుతున్నాను. గేర్‌బాక్సు విప్పేముందు ఏం మారిందో అడగమన్నారు. ఊళ్లోవాళ్లందర్నీ అడిగే మనిషి, మిమ్మల్ని మీరే అడుక్కోలేదు. ఎక్కండి, నేను తోలతాను."

ఆయన అక్కను చూశాడు. లారీని చూశాడు. ఏమనుకున్నాడో, వెళ్లి డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ సీట్లో ఆయన్ని చూడటం నాకదే మొదలు. పిలవకపోయినా నేను వెనక ఎక్కేశాను.

బండి గేటు దాటింది, లారీని దాటింది, పెద్ద రోడ్డెక్కింది. పెద్దాయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తలుపు పిడి పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. ఆ కర్ర్ ఇప్పుడొస్తుందా, ఇప్పుడొస్తుందా అని ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చున్నాడు. నాకు జాలేసింది. బండి చాలా దూరం వెళ్లింది.

చివరికి ఆయనే, కళ్లు తెరవకుండా, "ఎంతసేపని ఒకటిలోనే లాగుతావమ్మా? చప్పుడైతే అయింది, నేనేమీ అనుకోను. రెండో గేరు వెయ్యి" అన్నాడు.

"ఎప్పుడో వేశాను మామయ్యా. మూడులో ఉన్నాం."

ఆయన కళ్లు తెరిచాడు. గేరు కర్రను చూశాడు, దాని మీదున్న అక్క చేతిని చూశాడు. తలుపు పిడి వదిలేశాడు. నాకైతే ఏడుపు తన్నుకొచ్చింది, దాచుకోలేదు కూడా.

"వెనక్కి తిప్పనా? లారీ అతను కాచుకునున్నాడు" అంది అక్క.

"వాడికి వెనకాల కూర్చున్న వీడు ఫోను చేసి చెబుతాడులే" అన్నాడు పెద్దాయన. "నువ్వు తిప్పకమ్మా. ఇంకొంచెం దూరం పోనీ."