లక్కిరెడ్డిపల్లె ఓట్ల పట్టీలో నిచ్చెన గుర్తు

కుదురుగా కూర్చోవడం నా ఒంటికి పడదు. నాలుగు రోజులు సెలవు దొరికితే కర్నూలు జనం మహానందికి పోయి కోనేట్లో మునిగొస్తారు. నేనేమో ఏ నియోజకవర్గంలో ఎప్పుడు ఎవరు గెలిచారో, ఎవరు డిపాజిట్టు పోగొట్టుకున్నారో కనుక్కుంటూ ఊళ్ళ వెంట పడతాను. ఇదేం పిచ్చని మా ఆవిడ అడగడం మానేసి చాన్నాళ్ళయింది. ఈసారి మాత్రం ఆగలేకపోయాను. పునర్విభజనలో కడప జిల్లా లక్కిరెడ్డిపల్లె నియోజకవర్గం ఎత్తేశారనీ, వచ్చే ఎన్నికల నుంచి అదంతా రాయచోటిలో కలిసిపోతుందనీ పేపర్లో చదివినప్పటి నుంచి నాకు తిండి సయించలేదు. కనపడకుండా పోయేలోపు ఒకసారి చూసి రావాలనిపించింది. సమాచార హక్కు కింద పాత ఎన్నికల పట్టీలు ఇమ్మని పది రూపాయల స్టాంపుతో దరఖాస్తు పెట్టాను. నెల తిరక్కుండానే వచ్చి తీసుకెళ్ళమని ఉత్తరం వచ్చింది.

ఉదయం ఐదున్నరకి కర్నూల్లో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప చేరేసరికి పదకొండు దాటింది. టికెట్టు నూటపదిలోపే. ఆళ్ళగడ్డలో టీకని ఆపిన డ్రైవరు ఎంతకీ రాకపోతే బస్సు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాను. కడప ఆఫీసులో గుమాస్తా పట్టీల జిరాక్సులు చేతికిస్తూ, "ఇవి ఎవురికి కావల్లప్పా ఇప్పుడు? ఆ సీటే లేకపాయె" అన్నాడు. నాకే కావాలన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి సంతకం పెట్టించుకున్నాడు. ఆ రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో నూటయాభైకి గది దొరికింది.

మర్నాడు ఏడింటికి రాయచోటి బస్సు పట్టుకున్నాను. గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగి, గంటన్నరలో చేరుస్తుంది. ఘాటు పైన పాలకోవా కోసం అందరూ దిగుతారు, మీరూ దిగండి, చాలా బాగుంటుంది. నేను దిగలేదు. వొళ్ళో పెట్టుకున్న పట్టీలు తిరగేస్తూ కూర్చున్నాను. ఎనభైల్లో జరిగిన ఒక ఎన్నికలో, పెద్ద పార్టీల పేర్లకింద, నిచ్చెన గుర్తు మీద నిలబడ్డ ఒక స్వతంత్ర అభ్యర్థి కనిపించాడు. నియోజకవర్గమంతటా ఊరికి ఒకటో రెండో ఓట్లు, కొన్ని చోట్ల సున్నా. ఒక్క ఊళ్ళో మాత్రం వందకు పైగా పడ్డాయి. అది చూశాక ఇక నిలవలేకపోయాను. ఈయనెవరో తెలుసుకోవాలి.

రాయచోటి బస్టాండు బయట టీకొట్టులో అడిగాను. టీ కాచే ఆయన గిన్నె దించకుండానే నవ్వాడు. "నిచ్చెన నరసింహులా? యాడికో పోవాల్సిన పనిల్యా. ఆ సందులో సైకిల్ షాపు ఆయప్పదే. పాత ఎన్నిక మాటెత్తితే మటుకు పాన తీసుకుని ఎంటబడతాడు, సూసుకోప్పా" అన్నాడు.

నరసింహులు గారికి డెబ్భై దగ్గర పడి ఉంటాయి. ట్యూబుకి పంచరు వేస్తున్నాడు. ఆయన భార్య రెడ్డెమ్మ గారు వెనక గదిలోంచి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నేను భయపడుతూనే ఎన్నిక సంగతి ఎత్తాను. ఆయన పాన అయితే తీయలేదు గానీ ట్యూబు కింద పడేశాడు.

"మా ఊరికి తాగేనీళ్ళు ల్యాక సస్తాంటే ఊరంతా కూడబలుక్కొని నన్ను నిలబెట్టినారు. ఇంటికొక మొగోడు గుడికాడికొచ్చి, మండే కర్పూరం అరసేత్తో ఆర్పి పెమానం చేసినాడు, ఓటు నిచ్చెనకే అని. ఓట్లు లెక్కబెట్టేనాడు మా ఊరి మొగోళ్ళ పెట్టె ఇప్పినారు. నిచ్చెన మీద నాలుగు ముద్దర్లు. నాలుగప్పా! తువ్వాల దులుపుకోని లేచొచ్చినా. ఆ వారంలోనే ఊరిడిసి ఈడికొచ్చేసినా. మళ్ళా ఆ ఊరి నీళ్ళు తాగల్యా, ఈమెను తాగనియ్యల్యా."

దేవుడి ముందు కర్పూరం ఆర్పి మాట తప్పితే మా సీమలో దాన్ని ఎవరూ మరిచిపోరు. ఆ కోపం నాకు అర్థమైంది. అర్థం కానిది ఆ చివరి మాట. రెడ్డెమ్మ గారి పుట్టిల్లూ ఆ ఊరేనట. ఆమె అక్క ఇంకా అక్కడే ఉంది. పాతిక కిలోమీటర్లు కూడా లేవు, ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఆమె అక్కడికి పోలేదు. తల్లి చనిపోయిన కబురొచ్చినా ఆయన పంపలేదని ఆమే చెప్పింది, ఏదో బియ్యం ధర చెప్పినంత మామూలుగా. నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది.

సంచిలోంచి పట్టీ తీసి ఆయన ముందు పరిచాను. ఆ ఊరికి బడిలో రెండు గదుల్లో రెండు పోలింగ్ కేంద్రాలున్నాయి, ఒకటి పురుషులకి, ఒకటి స్త్రీలకి. వేలు పెట్టి చూపించాను. పురుషుల వరసలో నిచ్చెనకి నాలుగు. దాని కింద స్త్రీల వరసలో నూటపదిహేడు. ఆయన చూసి లేచొచ్చింది మొదటి పెట్టె ఒక్కటే. రెండో పెట్టె విప్పేదాకా ఆగలేదు. ఓడిన స్వతంత్రులకు ఎక్కడెన్ని ఓట్లొచ్చాయో ఏ పేపరూ రాయదు, చెబుదామని వచ్చిన వాళ్ళతో ఆయన మాట్లాడనూ లేదు.

నరసింహులు గారు అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మూడోసారి చూశాడు. "ఆడోళ్ళా?" అన్నాడు.

"నువ్వు లేచొచ్చిన రాత్రే చెప్తిని గదా నీకు" అంది రెడ్డెమ్మ గారు. గొంతు పెంచలేదు. "మొగోళ్ళను ఓట్లకు ముందునాడు ఎవురో వచ్చి బెదిరిచ్చి పాయిరి. జడిసిరి. మాతో కర్పూరం ఆర్పియ్యల్యా, మమ్మల్ని బెదిరియ్యనూ ల్యా. మేము ఎవురి లెక్కలోనూ ల్యాము. నీళ్ళు మోసేది మేము, అందరం నిచ్చెనకే ఏసినాము. ఎన్నితూర్లు చెప్పినా? నా మనసు కుదుటపడాలని చెప్తాండావు అంటివి. ఈ అబ్బోడు యాడ్నుంచో కాయితం తెస్తే నమ్మినావు."

నేను తలొంచుకుని పట్టీ అంచు నలుపుతూ కూర్చున్నాను. ఆయన కింద పడ్డ ట్యూబు పక్కకి నెట్టి, "మాపటికి ఇద్దురం పోదాంలే" అన్నాడు. ఆమె అప్పటికే లోపలికి పోయి చీర మార్చుకుంటోంది. "నువ్వు కొట్టు సూసుకో. నేను ఒక్కదాన్నే పోతా" అని అక్కడి నుంచే చెప్పింది.

పదకొండున్నరకి లక్కిరెడ్డిపల్లె పల్లెవెలుగు ఉంటుంది. నేను ఎటూ అదే బస్సు ఎక్కాలి కాబట్టి ఆమెతో కలిసి కూర్చున్నాను. పద్దెనిమిది రూపాయల టికెట్టు ఆమెది ఆమే తీసుకుంది, నన్ను తియ్యనివ్వలేదు. దారిపొడుగునా ఎండిన వేరుశనగ చేలు, గుట్టలు. ఆమె కిటికీ చువ్వ వదలలేదు. ప్రతి మలుపులోనూ లేచి నిలబడి, ఇంకా రాలేదని కూర్చుంది. నాకంటే కుదురులేని మనిషిని మొదటిసారి చూశాను. ఆమె దిగే రోడ్డు వచ్చేసరికి పట్టీ మడిచి ఆమె చేతిలో పెట్టబోయాను, అక్కడ చూపించుకుంటుందని.

"ఆయప్పకే ఇయ్యి, నాయనా. ఆడ మా వాళ్ళకు ఎందుకు? వాళ్ళకు తెలుసు గదా" అని దిగిపోయింది. చెప్పులు చేతిలోకి తీసుకుని మట్టిరోడ్డు పట్టుకుని దాదాపు పరుగులాంటి నడకతో పోయింది. బస్సు కదిలినా వెనక్కి తిరిగి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవాల్సినంత జనం బస్సులో లేరు కూడా.

లక్కిరెడ్డిపల్లెలో రెండు గంటలు తిరిగాను, గెలిచిన వాళ్ళ పేర్లన్నీ పుస్తకంలో సరిచూసుకున్నాను, సాయంత్రం నాలుగింటి బస్సుకి వెనక్కొచ్చి పట్టీ సైకిల్ షాపులో ఇచ్చేశాను. ఇన్నేళ్ళూ నియోజకవర్గం చరిత్ర అంటే ఎవరు గెలిచారు, ఎన్ని ఓట్ల తేడా అనే అనుకున్నాను. ఓడిపోయిన గుర్తుకి పడ్డ ఓట్లు ఎవరివో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ బడిలో రెండో గది ముందు వరసగా నిలబడ్డ ఆడవాళ్ళు ఒక మనిషికి ఇచ్చిన మాట, అసలు ఎవరూ అడగకుండానే ఇచ్చిన మాట, అతనికి చేరడానికి ఇన్నేళ్ళు పట్టింది. అదీ చెప్పడానికి పక్కనే మనిషి ఉండగా. మీరూ ఇలా పాత ఎన్నికల వెంట తిరగాలనుకుంటే ఒక చిన్న సలహా: కడప ఆఫీసుకి దరఖాస్తు తర్వాత పెట్టండి, ముందు ఆ ఇంటి ఆడమనిషిని అడగండి. ఆమె చెప్పింది నమ్మండి.